ఫ్లెక్సీలో పెద్దాయన కాలరు

ఈ ప్రయాణానికి మూలం మా ఇంట్లో టీవీ. ఒక సాయంత్రం అందులో నలుగురు పెద్దమనుషులు కూర్చుని అమెరికా అధ్యక్ష ఎన్నికల మీద తెగ వాదించుకున్నారు. పేరున్న నటులు, పాటగాళ్ళు, పాత నాయకులు ఫలానా అభ్యర్థికి ఓటెయ్యండని చెప్తే జనం వింటారా, వినరా అన్నది వాళ్ళ గొడవ. వింటారని నేను. వినరని మా ఆవిడ రత్నకుమారి. కుట్టుమిషను మీంచి తల కూడా ఎత్తకుండా, "ఎవరి ఓటు వాళ్ళదండీ. ఆయనెవరో చెప్తే వీళ్ళెందుకేస్తారు?" అనేసింది. నేను తాలూకా ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైన మనిషిని. ఎవరి మాటకి ఏ ఫైలు కదులుతుందో కళ్ళారా చూసినవాణ్ణి. నాకా చెప్పేది!

మా వాదన తేల్చడానికే అన్నట్టు మాకూ ఒక అధ్యక్ష ఎన్నిక వచ్చిపడింది. తెనాలి, బాపట్ల, రేపల్లె దర్జీలందరికీ కలిపి ఒక సంఘం ఉంది. దాని ప్రెసిడెంటు అంటే ఊరికే దండలు వేయించుకునే పదవి కాదు. చుట్టుపక్కల స్కూళ్ళ యూనిఫారాలు కుట్టే పని సంఘానికి వస్తుంది. దాన్ని ఎవరెవరికి పంచాలో చెప్పేది ప్రెసిడెంటే. మొదటినుంచీ ఒకటే పద్ధతి. చొక్కాలు, లాగులు షాపులున్న మగవాళ్ళకి. కాజాలు, గుండీలు ఇళ్ళల్లో మిషన్లు పెట్టుకున్న ఆడవాళ్ళకి. ఇదేంటని అడిగితే "ఆడవాళ్ళకి కాలరు కుదరదమ్మా" అనేవాళ్ళు. చొక్కా కుట్టేవాడికి అసలు పరీక్ష కాలరేనట. రత్నం కుట్టిన కాలరు రోజూ మెడ చుట్టూ వేసుకుని తిరిగే నాకు ఆ మాట వింటే ఒళ్ళు మండేది.

ఆ పద్ధతి మార్చాలని ఈసారి రత్నమే ప్రెసిడెంటు పదవికి నిలబడింది. ఎదురు నిలబడినాయన రేపల్లె సుభాని గారు. కోటు కుట్టించుకోవాలంటే మూడు ఊళ్ళవాళ్ళూ ఆయన షాపు మెట్లే ఎక్కుతారు, అంత పేరు. ఆదివారం మధ్యాహ్నం రేపల్లె కల్యాణ మండపంలో ఓట్లు. నేను ఎన్నికల మేనేజరుగా నన్ను నేనే నియమించుకున్నాను. బాపట్లలో ఒకప్పుడు పెద్ద పదవి చేసిన నాయకుడు ఒకాయన ఉన్నారు. ఆయనతో రత్నం ఫోటో దిగడం, దాన్ని "పెద్దాయన ఆశీస్సులతో" అని ఫ్లెక్సీ కొట్టించి మండపం గేటు దగ్గర కట్టించడం నా పథకం. రత్నం వద్దంది. నేను విన్లేదు.

ఆదివారం ఆరాధనకి రాలేమని ముందురోజే మా చర్చి అయ్యగారికి చెప్పాం. "ప్రార్థన చేస్తానమ్మా. పేరు పెట్టి ఓటెయ్యమని మాత్రం ఎవరికీ చెప్పను" అని నవ్వారాయన. నా లెక్కలో ఒక మద్దతు అక్కడే పోయింది.

పొద్దున్నే ఆరున్నర ప్రాంతంలో తెనాలి స్టేషన్లో బాపట్ల మీదుగా వెళ్ళే పాసింజరు ఎక్కాం. ఈ దారిన వెళ్ళేవాళ్ళకి నా సలహా ఒకటి. టీ తెనాలి ప్లాట్‌ఫాం మీద తాగండి, టిఫిన్ మాత్రం బాపట్ల దాకా ఆపుకోండి. పొద్దుటి పూట కుడివైపు కిటికీ పట్టుకుంటే మొహాన ఎండ పడదు. చుండూరు దాటాక రెండు పక్కలా పొలాలే. మినుము పీకే రోజులు కావడంతో తెల్లారకముందే కూలీలు దిగిపోయి ఉన్నారు. ఆ పచ్చి వాసన బోగీలోకి కొట్టేసరికి నాకు ఎక్కడలేని హుషారు వచ్చింది.

ఎదురు సీట్లో అమృతలూరు రైతు ఒకాయన కూర్చున్నాడు. బాపట్లలో చుట్టాలింటికి వెళ్తున్నాడట. ఊరుకోబుద్ధి కాక అడిగేశాను.

"ఏమండీ, మీ ఊళ్ళో పెద్దమనిషి ఎవరైనా ఫలానా వాళ్ళకి ఓటెయ్యమంటే వేస్తారా?"

"వేస్తామండి" అన్నాడు వెంటనే.

నేను రత్నం వంక చూశాను, విన్నావా అన్నట్టు.

"వేస్తామని ఆయనతో చెప్తామండి. పాపం అంత పెద్దాయన ఇంటిదాకా వచ్చి అడిగితే మొహం మీద కాదంటామా ఏంటి?"

రత్నం కిటికీలోంచి బయటికి చూస్తూ నవ్వుకుంది. నేను పేపరు తీశాను.

బాపట్లలో దిగి స్టేషనుకి దగ్గర్లోనే ఉప్మా పెసరట్టు తిన్నాం. అల్లం పచ్చడి ఘాటుకి కళ్ళ నీళ్ళొచ్చాయి గానీ రెండోసారి కూడా వేయించుకున్నాను. సూర్యలంక వెళ్ళే కుర్రకారుతో ఆటోలన్నీ నిండిపోతున్నాయి. "వచ్చాం కదా, సముద్రం చూసి పోదామా?" అంది రత్నం. ఎన్నికల రోజున సముద్రమేంటని కసురుకుని, పెద్దాయన ఇంటికి ఆటో మాట్లాడాను.

పెద్దాయన హాల్లో సోఫా మీద కూర్చుని ఫోన్లో మాట్లాడుతున్నారు. ఆ మాట్లాడే తీరు చూసి తీరాలి. ఫోను చేత్తో పట్టుకోరు. ఎడమ చెవికీ ఎడమ భుజానికీ మధ్య ఇరికించి, తల అటే వాల్చి, ఒక చేత్తో టీ తాగుతూ రెండో చేత్తో మమ్మల్ని కూర్చోమని సైగ చేశారు. ఒకటి అయ్యేలోపు ఇంకో ఫోను. మధ్యలో దొరికిన కాస్త సందులో మా పని అడిగారు.

"ఏ ఊరమ్మా?"

"తెనాలండి. దర్జీల సంఘం ప్రెసిడెంటుకి నిలబడ్డానండి."

"భేష్! ఆడవాళ్ళు రావాలమ్మా. ఫోటోనేగా? ఉండండి, మొన్ననే ఎవరో కొత్త చొక్కా పెట్టి వెళ్ళారు. అది వేసుకొస్తా, ఫోటోకి బావుంటుంది."

ఎదురు నిలబడింది ఎవరని కూడా అడగలేదు. తెల్లగా మెరిసే చొక్కాలో బయటికొచ్చి, చెయ్యెత్తి ఆశీర్వదిస్తున్నట్టు రత్నం పక్కన నిలబడ్డారు. ఫోను సోఫా మీద పెట్టేశారు గానీ, మెడ మాత్రం ఇంకా ఫోనున్నట్టే ఎడమకి వాలి ఉంది. రత్నం చూపు ఆయన మొహం మీద లేదు. "అయ్యా, కాలరు ఒక పక్క కాస్త లేచిందండి. సర్దమంటారా?" అంటూ దగ్గరికి వెళ్ళి కాలరు అంచు తిప్పి చూసింది. "బస్సు పోతుంది రత్నం, నిలబడు!" అని నేను తొందరపెట్టి, టకటకా నాలుగు ఫోటోలు కొట్టేశాను.

పది దాటాక బాపట్ల స్టాండులో రేపల్లె బస్సు దొరికింది. రత్నానికి ఆధార్ కార్డు చూపిస్తే సున్నా టికెట్టు, నాకు పూర్తి టికెట్టు. "మేనేజరు గారు కూడా మా ఖర్చులోకే వస్తారు, దిగులుపడకండి" అంది రత్నం. ఆడవాళ్ళు ఈ దారిన వెళ్తే కార్డు మర్చిపోకండి, కండక్టరు కచ్చితంగా అడుగుతాడు. బస్సు కదలగానే మంచి ఫోటో ఒకటి చూసి రేపల్లె ఫ్లెక్సీ షాపుకి వాట్సాప్ చేశాను. మేం దిగేసరికి గేటుకి కట్టి ఉండాలని గట్టిగా చెప్పాను.

"ఆ చొక్కా ఎవరు కుట్టారో తెలుసా మీకు?" అంది రత్నం కర్లపాలెం దాటాక.

"ఎవరైతే ఏం?"

"సుభాని అన్నయ్య. లోపలి కుట్టు చూడగానే తెలిసిపోయింది."

నాకు పట్టరాని నవ్వొచ్చింది. ఎదుటి అభ్యర్థి చొక్కా తొడుక్కుని పెద్దాయన మనల్ని ఆశీర్వదించారన్నమాట! "ఇంకేం, శత్రువు చొక్కా కూడా మనవైపే" అని పగలబడి నవ్వితే ముందు సీటావిడ వెనక్కి తిరిగింది. ఆవిడ నిజాంపట్నం మనిషి. ఎండుచేపలు అమ్ముకుని ఖాళీ గంపతో ఇంటికి పోతోంది. ఆవిణ్ణీ వదల్లేదు, అదే ప్రశ్న వేశాను.

"బోటు మీదైతే మా పేట పెద్దల మాటేనయ్యా, కాదనం. ఓటు దగ్గర చాటు కడతారుగా? ఎవరికీ చెప్పొద్దనేగా ఆ చాటు కట్టింది!" అంది.

"విన్నారా?" అంది రత్నం. చెరుకుపల్లిలో బస్సు మారడానికి ఆవిడ దిగిపోతూ, "నువ్వు గెలుస్తావులే అమ్మా, ఈయనగారికి కాస్త నోరు ఎక్కువ గానీ" అని దీవించింది. నా జన్మలో ఎవరి మద్దతుకీ అంత మండలేదు.

రేపల్లెలో దిగేసరికి పన్నెండు దాటింది. స్టాండు నుంచి మండపానికి నడిచే వెళ్ళొచ్చు, ఆటోలవాళ్ళ మాట వినకండి. గేటు దగ్గర రెండు పక్కలా రెండు ఫ్లెక్సీలు కనపడ్డాయి. కుడివైపు మాది. పెద్దాయన, పక్కన రత్నం, కింద మా టేపు గుర్తు. ఎడమవైపు సుభాని గారిది, కత్తెర గుర్తు. దాని మీద కూడా పెద్దాయనే! మెడ దాకా శాలువా కప్పుకుని, అదే చెయ్యెత్తి ఆయన్నీ ఆశీర్వదిస్తున్నారు.

"ఎవరడిగినా ఇస్తారండీ ఆయన, ఇంటికొచ్చినవాళ్ళకి టీ ఇచ్చినట్టు" అంది రత్నం.

అయినా జనం మా ఫ్లెక్సీ దగ్గరే ఎక్కువ ఉన్నారు. ఇరవై ముప్ఫై మంది గుమిగూడి వేళ్ళతో చూపించుకుంటూ మాట్లాడుకుంటున్నారు. నా ఛాతీ ఉప్పొంగింది. చెవులారా విందామని దగ్గరికి వెళ్ళాను.

"ఎడమ పక్క చూడరా, కాలరు ఎంత లేచిందో."

"భుజం కుట్టు కూడా వెనక్కి జరిగింది."

"అందుకే చెప్పేది, ఆడవాళ్ళకి కాలరు కుదరదని. పైగా ఫ్లెక్సీ కూడానా!"

ఒక్కడంటే ఒక్కడు పెద్దాయన మొహం చూడ్డం లేదు. అందరి కళ్ళూ ఆయన మెడ దగ్గరే ఉన్నాయి. అప్పటికి గానీ నాకు వెలగలేదు. టైలరు షాపు బోర్డు మీద ఎవరి ఫోటో పెట్టినా, ఆ ఒంటి మీద బట్టలు ఆ షాపులో కుట్టినవే అయి ఉంటాయి. వాళ్ళ లోకంలో అదే రివాజు. మా ఫ్లెక్సీ మీద ఉన్న చొక్కా రత్నం కుట్టిందేనని అందరూ అనుకున్నారు. ఏ మాట తప్పని నిరూపించడానికి రత్నం నిలబడిందో, ఆ మాటకే నేను ఆరడుగుల బొమ్మ వేయించి గేటుకి కట్టించాను.

"అది మా ఆవిడ కుట్టింది కాదండీ!" అని అరిచాను. "మరి మీ ఫ్లెక్సీ మీదికి ఎట్లా వచ్చింది సార్?" అన్నాడొకడు. అందరూ నవ్వారు.

గేటు పక్కన వేమూరు నుంచి వచ్చిన ఆడవాళ్ళ గుంపు ఉంది. ఇళ్ళల్లో కాజాలు కుట్టేవాళ్ళు వాళ్ళంతా. వాళ్ళలో సుజాత అనే అమ్మాయి రత్నం దగ్గరికి వచ్చింది. మొహంలో రక్తం లేదు.

"అక్కా, ఆ కాలరు నీదేనా?"

"నాది కాదు."

"మరి ఎవరిదో చెప్పొచ్చుగా? అందరూ మనల్ని చూసి నవ్వుతున్నారు."

"చెప్పను" అంది రత్నం.

"నే చెప్తా!" అని ముందుకు దూకబోతే చెయ్యి పట్టుకుని ఆపేసింది. "మీరు ఆ పేరెత్తితే నేను ఇప్పుడే పోటీలోంచి తప్పుకుంటా. ఒకళ్ళ కుట్టుని నలుగురిలో ఎత్తి చూపడం మా పనిలో లేదండీ" అంది. ఆ గొంతు నాకు తెలుసు, తిరుగుండదు. కోపమూ ఏడుపూ కలిసి వచ్చాయి నాకు. ఓటమి ఖాయమైపోయిందని, అది నా చేతులారా జరిగిందని మెట్ల మీద కూలబడ్డాను.

అప్పుడే సుభాని గారు వచ్చారు. ఇస్త్రీ మడత నలగని లేత నీలం చొక్కా, మెడలో టేపు. "చూశారా సుభాని గారూ, రత్నక్క కాలరు!" అని ఎవరో పిలిచి చూపించారు. ఆయన ఫ్లెక్సీ ముందు నిలబడ్డారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చూశారు. మాట్లాడకుండా పక్కకి తప్పుకుంటే చాలు, పదవి ఆయనదే. రత్నం ఆయన వంక చూడకుండా తల తిప్పుకుంది.

"ఇది నా కాలరు" అన్నారు సుభాని గారు.

"మీదా!"

"నాదేనయ్యా. నా చేతి కుట్టు నాకు తెలియదా? మొన్న ఫోటో కోసం వెళ్ళినప్పుడు ఆయనకి పెట్టొచ్చా. కొలతలు అంతకుముందే వెళ్ళి నేనే తీశా. ఎట్లా లేచిందో మటుకు అంతు పట్టడం లేదు. ఆ అమ్మ కుట్టు కాదు ఇది, ఎవరూ ఆమెనేం అనొద్దు."

రత్నం ఆయన పక్కకి వెళ్ళి నిలబడింది.

"కుట్టులో తప్పేం లేదన్నయ్యా. నేను అంచు తిప్పి చూశాను, వంక పెట్టడానికి లేదు. కొలతలు తీసేటప్పుడు ఆయన్ని నిటారుగా నిలబడమన్నారు కదూ?"

"అవునమ్మా, అనమా మరి?"

"ఆయన నిటారుగా ఉండేది అప్పుడొక్కటేనండి. మిగతా రోజంతా ఇట్లా ఉంటారు" అని నా చేతిలో ఫోను లాక్కుని ఎడమ చెవికీ భుజానికీ మధ్య ఇరికించి, తల వాల్చి, ఒక చేత్తో టీ తాగుతున్నట్టు చూపించింది. "మెడ అట్లాగే వాలిపోయింది. ఆయనకి ఎడమ పక్క కాలరు ఎత్తు కొంచెం తగ్గించాలన్నయ్యా."

సుభాని గారు తన ఫోను తీసి తనూ అలాగే పెట్టుకున్నారు. వంక లేని ఆయన కాలరు ఎడమ పక్క చటుక్కున లేచి నిలబడింది. "అరె!" అన్నారు. ఇంకేముంది, అక్కడున్న దర్జీలంతా జేబుల్లోంచి ఫోన్లు తీసి చెవులకి ఇరికించుకుని ఒకళ్ళ కాలర్లు ఒకళ్ళు చూసుకోవడం మొదలుపెట్టారు. అంతమంది మెడలు ఒకే పక్కకి వాల్చుకుని నిలబడితే వీధిలో పోయేవాళ్ళు ఆగి మరీ చూశారు. నవ్వలేక నాకు కడుపు నొప్పి పుట్టింది.

నవ్వులు తగ్గాక సుభాని గారు చెయ్యెత్తారు. "అందరూ వినండి. కాలరు ఎందుకు లేచిందో నాకు తోచలేదు, ఈ అమ్మకి తోచింది. ఇట్లాంటి మనిషికి కాలరు రాదంటే నేనొప్పుకోను. పోటీ మటుకు మానను, నెల రోజులు తిరిగా, కాళ్ళు నొప్పులు. కానీ నా ఓటు రత్నమ్మకే."

భోజనాలు పెట్టారు. పులిహోర, చేపల పులుసు, గడ్డ పెరుగు. గేటు దగ్గర పోయిన ఆకలి తిరిగొచ్చింది, పులుసు మూడుసార్లు పోయించుకున్నాను. తర్వాత ఓట్లు. మండపం మూలలో లైనింగు గుడ్డతో చాటు కట్టారు. ఇంకు ముద్ర ఉండదు, గుడ్డ మీద గీసే సుద్దతోనే కాగితం మీద నచ్చిన గుర్తుకి గీత పెట్టాలి. ఎండుచేపలావిడ మాట గుర్తొచ్చి ఆ చాటు వంకే చూస్తూ కూర్చున్నాను. నాలుగు దాటాక లెక్క తేలింది. సుభాని గారికి కూడా తక్కువేం పడలేదు. కానీ సగానికి పైన టేపుకే పడ్డాయి.

వేమూరు ఆడవాళ్ళు రత్నాన్ని ఎత్తినంత పని చేశారు. నేను సిగ్గు విడిచి అందరి ముందూ ఏడ్చాను. దండ వేసింది సుభాని గారే. ఆ సందడిలో పెద్దాయన నుంచి ఫోను.

"ఎవరమ్మా గెలిచింది, నువ్వేనా? నే చెప్పలా, నా ఫోటో పడ్డాక తిరుగుండదని!"

"అవునండి, మీ దయేనండి" అంది రత్నం, నా వంక చూసి కన్ను గీటుతూ.

సాయంత్రం రేపల్లె నుంచి తెనాలి పాసింజరు ఎక్కాం. ఈ లైను మీద రైలు తీరిగ్గా పోతుంది, తొందరపడేవాళ్ళు ఎక్కకపోవడమే మంచిది. మాకు తొందరేం లేదు. చుట్టిన ఫ్లెక్సీ నా ఒళ్ళో ఉంది. భట్టిప్రోలులో ఎక్కిన ఒకాయన దాన్ని చూసి, "వడ్ల మీద కప్పుకోవడానికి ఇస్తారా మాస్టారూ?" అని అడిగాడు. ససేమిరా ఇవ్వనన్నాను.

"మొత్తానికి నేనే గెలిచాను రత్నం. పేరున్న మనిషి చెప్తే జనం విన్నారా లేదా?" అన్నాను.

"విన్నారు. సుభాని అన్నయ్యకి పేరుందని కాదు. ఆయన నోరు మూసుకుని ఉంటే ఆయనే గెలిచేవాడని అందరికీ తెలుసు కాబట్టి విన్నారు."

మీరెవరైనా ఈ దారిన వెళ్తే నా ప్రశ్న మీరూ అడిగి చూడండి. పాసింజర్లలో, బస్సుల్లో నాకు దొరికినన్ని రకాల జవాబులు టీవీలో ఆ నలుగురికి దొరకలేదు. నా మటుకు నేను ఒకటి తెలుసుకున్నాను. మా ఇంట్లో గెలిచే వాదనలు నావి కావు. అయినా ఆ రోజంత సంతోషంగా నేను ఏ వాదనా ఓడిపోలేదు.

వేమూరు వచ్చింది. ఆడవాళ్ళంతా బిలబిలమంటూ దిగారు. సుజాత మాత్రం ప్లాట్‌ఫాం మీద నాలుగడుగులు వేసి, మళ్ళీ పరిగెత్తుకుంటూ మా కిటికీ దగ్గరికి వచ్చింది.

"అక్కా, అయితే ఈ జూనుకి చొక్కా మొత్తం మేమే కుడతామా? కాలరు కూడానా?"

రైలు కదిలింది. రత్నం కిటికీలోంచి చెయ్యి చాపి ఆ పిల్ల చెంప తట్టింది.

"కాలరుతోనే మొదలుపెట్టు."